తొమ్మిది అడుగుల పది అంగుళాలు

కంప్యూటరంటే నాకు మొదట్లో ఉన్న భయం వేరు, తరవాత వచ్చిన భయం వేరు. మొదటిది పాడుచేస్తానేమోనన్న భయం. అది అందరికీ ఉండేదే. తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో మా పెద్దమ్మగారింట్లో ఉండి డిగ్రీ చదువుకుంటూ, ఒక మేడ మీదున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ నేర్చుకోవడానికి చేరాను. చెప్పులు మెట్ల దగ్గరే విప్పేయాలి. ఏసీ గదిలోకి వెళ్ళేముందు కాళ్ళు పట్టా మీద తుడుచుకోవాలి. ఇద్దరికి ఒక కంప్యూటరు, రోజుకి ఒక గంట. నీలం తెర మీద పసుపు అక్షరాలు. ఏ మీట నొక్కితే ఏమవుతుందోనని నేను చూపుడువేలు ఒక్కటే వాడేదాన్ని, అదీ తాకీ తాకనట్టు.

మా సార్ మంచివారే గానీ కోపం వస్తే తెలుగు మానేసి ఇంగ్లీషులోకి దిగిపోయేవారు. అంచేత ఆయన తెలుగులో ఉన్నంతసేపూ మేం క్షేమంగా ఉన్నట్టు లెక్క. 'ఇఫ్', అంటే ఫలానాది అయితే ఫలానా పని చెయ్యమనే షరతు, చెప్పిన వారం మాత్రం ఆయన తెలుగు మాట్లాడింది తక్కువ. వయసు అడిగి, సరిగ్గా పద్దెనిమిది అయితే ఈ ఏడు కొత్తగా ఓటుంది అని చెప్పే ప్రోగ్రాం ఒకటి రాయమన్నారు. నాది ఏ అంకె కొట్టినా ఓటుందనే చెప్పింది. ఐదు కొట్టినా ఓటుంది. సున్నా కొట్టినా ఓటుంది. అరగంట దాని వంక గుడ్లప్పగించి చూసి, కంప్యూటర్ పాడైపోయింది సార్ అన్నాను.

సార్ వచ్చి వంగి చూశారు. "ఈక్వల్ టు ఒక్కటే పెట్టావేమ్మా. ఒకటి పెడితే అది అడగడం కాదు, పెట్టేయడం. నీ వయసు పద్దెనిమిదా అని నువ్వు అడగలేదు. పద్దెనిమిదే అని దానికి నువ్వే చెప్పేశావు. అది సరేనంది. రెండు పెట్టు."

రెండు పెట్టాను. బాగుపడింది. మర్నాడు 'ఇఫ్' లైను చివర అనవసరంగా ఒక సెమికోలన్ పెట్టి మళ్ళీ గంట ఏడ్చాను. ఇలా నాలుగైదు సార్లయ్యాక సార్ ఒక పద్ధతి చెప్పారు. "ఇఫ్ తప్పు చెప్తోందనిపిస్తే ఇఫ్‌ని చూస్తూ కూర్చోకు. దానికి పైన ఒక ప్రింట్ పెట్టు. అటు ఏముంది, ఇటు ఏముంది, రెండూ తెర మీదికి తెప్పించు. నువ్వు అనుకుంటున్న విలువ ఒకటి ఉంటుంది, దాని దగ్గరున్న విలువ ఇంకోటి ఉంటుంది. తగువంతా అక్కడే."

నేను అది నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను. గీతలు గీయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. అవసరమైనప్పుడు పాటించడం మాత్రం వేరే సంగతి.

కోర్సు చివర ప్రాజెక్టు చెయ్యాలి. అందరూ లైబ్రరీ పుస్తకాలనీ, మార్కుల జాబితాలనీ ఎత్తుకున్నారు. నాకు మా లంక గుర్తొచ్చింది.

మా ఊరు రాజమండ్రికి దిగువన, బస్సులో గంటంపావు, గోదారి గట్టుని ఆనుకుని ఉంటుంది. ఇల్లు గట్టుకి ఇవతల, పొలం అవతల, గోదారి మధ్యనున్న లంక దిబ్బ మీద. గట్టుకీ లంకకీ మధ్య ఒక పాయ. వేసవిలో లుంగీ ఎగ్గట్టి నడిచిపోవచ్చు. వానాకాలంలో పంటు మీద దాటాలి. పంటంటే రెండు నావలు జతకట్టి పైన చెక్కలు పరిచినది, పశువులు కూడా ఎక్కుతాయి. లంకలో మాకు అరటి, కంద ఉండేవి. మెరక మీద తాటాకు మకాం, అందులో పదకొండు గేదెలు. లంకలో మేత బాగుంటుందని వానాకాలమంతా మా నాన్న వాటితో అక్కడే ఉండిపోయేవాడు. గోదారి వస్తే పశువుల్ని గట్టుకి తోలుకొచ్చేవాడు, తీస్తే, అంటే వరద నీరు తగ్గితే, మళ్ళీ తీసుకెళ్ళేవాడు.

ఎప్పుడు రావాలన్నది చెప్పడానికి లంక రేవులో ఒక తాటి దూలం పాతి ఉండేది. దాని మీద ఉలితో చెక్కిన గీతలు. పొడుగు గీత అడుగు, పొట్టి గీత అంగుళం. నీరు తొమ్మిదిన్నర అడుగులు దాటిందంటే పాయలో వడి పెరుగుతుంది, ఇంకో రెండు మూడు గంటల్లో పంటుని గట్టుకి కట్టేసి ఆపేస్తారు. ఈలోపే దాటాలి. దాటకపోతే మెరక మీద ఉండిపోవాలి, పెద్ద గోదారి అయితే మెరక కూడా ఉండదు. ఇది మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ గీతల దగ్గరే.

దీనికి నా ప్రోగ్రాం. నీటి మట్టం కొడితే, తొమ్మిదిన్నర గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే దాటండి అని చెబుతుంది. కాకపోతే, ముందు కొలత కంటే తక్కువైతే తీస్తోంది అంటుంది. రెండూ కాకపోతే ఉండవచ్చు అంటుంది. మూడు మాటలూ తెలుగువే, ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. పది లైన్లు లేని ఆ ప్రోగ్రాంని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఎనిమిది కొట్టి చూశాను, తొమ్మిది కొట్టి చూశాను, పది కొట్టి చూశాను. తొమ్మిదిన్నర కూడా కొట్టి చూశాను. అన్నింటికీ సరిగ్గా చెప్పింది.

మా నాన్నకి చెప్పాను. ఆయన నవ్వి, "మరి నాకు కళ్ళెందుకే" అన్నాడు గానీ, కాదనలేదు. లంకలో ఫోను లేదు. గట్టు మీద కిరాణా కొట్టు బాబాయ్‌గారికి ఉంది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఊరి వరసన బాబాయ్. మా నాన్న మూడేసి గంటలకోసారి దూలం చూసి చీటీ రాసి పంటు నడిపే సరంగు చేతికిస్తే, సరంగు ఇవతలకి వచ్చినప్పుడు కొట్లో ఇస్తాడు. బాబాయ్‌గారు ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేస్తారు. నేను కంప్యూటర్లో కొట్టి జవాబు చెబుతాను. అది సరంగుతో లంకకి వెళుతుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఇదంతా బాణం గుర్తులతో బొమ్మ కూడా వేశాను.

ఆషాఢంలో చిన్న గోదారి వచ్చింది. తొమ్మిది ఏడు అని బాబాయ్‌గారు చెప్పారు. కొట్టగానే దాటండి అంది. మా నాన్న దాటాడు. మర్నాడు నీరు లంకెక్కి అరటి మొక్కలు మొదళ్ళ దాకా మునిగాయి. ఆ తరవాత మా నాన్న రేవులో కనిపించినవాళ్ళందరికీ మా అమ్మాయి రాజమండ్రి నుంచి గోదారి సంగతి చెబుతుందండీ అని చెప్పుకున్నాడని అమ్మ నాకు చెప్పింది. నాకు ఒళ్ళు తెలియలేదు.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. గోదారి మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది. ఆ రోజు మా కాలేజీకి సెలవిచ్చేశారు. ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం సార్ ఉన్నారు, నేను పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. తొమ్మిది గంటలప్పుడు ఫోనొచ్చింది. "తొమ్మిది మూడమ్మా" అన్నారు బాబాయ్‌గారు. కొట్టాను. ఉండవచ్చు అంది. ఉండమనండి అని చెప్పేశాను.

పన్నెండు దాటాక మళ్ళీ ఫోను. లైన్లో గరగర. "తొమ్మిది పది. వినపడుతోందా? తొమ్మిది పది."

తొమ్మిది కొట్టి, చుక్క పెట్టి, పది కొట్టాను. తెర మీద తీస్తోంది అని వచ్చింది.

ఆ మాట చదవగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. "బాబాయ్‌గారూ, తీస్తోందండి. కంగారేం లేదు, నాన్నని ఉండమనండి."

"తీస్తోందా? ఇక్కడ మెట్లు ఎక్కుతున్నట్టే ఉందమ్మాయ్."

నాకు చిరాకేసింది. ఆ చిరాకు నాకు ఇప్పటికీ గుర్తుంది, గొంతులో ఎక్కడ పుట్టిందో కూడా గుర్తుంది. "కంప్యూటరు చెబుతోంది కదండీ. నేనేం కల్పించి చెప్పట్లేదు. నాన్నకి నేను చెప్పానని చెప్పండి చాలు."

"సరే సరే, అలాగే చెబుతాలే. పైనున్నదానివి, నీకు తెలుస్తుంది" అని పెట్టేశారు.

ఆ చివరి మాట నేను పట్టించుకోలేదు. పెద్దమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తీసి పులిహోర తిన్నాను. ఇది కూడా చెప్పాలి. తీరిగ్గా, ఎండుమిరపకాయ పక్కకి తీసి మరీ తిన్నాను.

భోజనానికి ఇంటికెళ్ళిన సార్ ఒంటిగంట ప్రాంతంలో తడుచుకుంటూ వచ్చారు. ఆయన ఇల్లు కొవ్వూరు వైపు, బ్రిడ్జి దాటి రావాలి. తల తుడుచుకుంటూ, "అబ్బ, ఏం వస్తోందమ్మా గోదారి. పొద్దున వచ్చినప్పటి కంటే ఇప్పుడు ఇంకా పైకొచ్చేసింది" అన్నారు.

"తీస్తోంది సార్" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

తెర చూపించాను. ఆయన నవ్వారు. "గోదారి మాట నమ్మాలా, నీ ఇఫ్ మాట నమ్మాలా? ఏదీ, పైన ప్రింట్ పెట్టు చూద్దాం."

నవ్వుతూనే పెట్టాను. ఇప్పటి మట్టం, ముందు మట్టం, హద్దు, మూడూ తెప్పించాను. మూడు అంకెలు వచ్చాయి. 9.100000. 9.300000. 9.500000.

సార్ వంగి చూసి, "తొమ్మిది పాయింట్ ఒకటి. తొమ్మిది పాయింట్ మూడు కంటే తక్కువే కదా. హద్దు కంటే కూడా తక్కువే. నీ ప్రోగ్రాం కరెక్టేనమ్మా" అన్నారు.

ప్రోగ్రాం కరెక్టే. దానికి తప్పు అంకె ఇచ్చింది నేను.

ఎందుకంటే మా నాన్న తొమ్మిది పాయింట్ ఒకటి అని రాయలేదు. తొమ్మిది అడుగుల పది అంగుళాలు అని రాశాడు. మా వైపు అందరూ కొలత అలాగే రాస్తారు. చుక్కకి అటు అడుగులు, ఇటు అంగుళాలు. వడ్రంగులూ అంతే, తాపీమేస్త్రీలూ అంతే, నావలు కట్టేవాళ్ళూ అంతే. నేనూ చిన్నప్పటి నుంచీ అలాగే చదివాను. స్కూల్లో దశాంశాలు నేర్చుకున్నాను, వందకి వంద తెచ్చుకున్నాను. అది పరీక్షల చుక్క, ఇది రేవులో చుక్క. రెండూ ఒకలాగే కనిపిస్తాయని నా బుర్రకి ఒక్కనాడూ తట్టలేదు. పన్నెండు అంగుళాలైతే అడుగు. కంప్యూటర్‌కి పదైతే చాలు, అందుకే నేను కొట్టిన 9.10 దానికి 9.1 అయింది. తొమ్మిది అడుగుల పది అంగుళాలంటే, తొమ్మిదిన్నర దాటి ఇంకా నాలుగంగుళాలు. మూడు గంటల్లో ఏడంగుళాలు పెరిగింది. దానికి నేను తీస్తోంది అని కబురు పంపాను.

"ఏమ్మా, ఏమైంది?" అన్నారు సార్.

ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. కొట్టు నంబరు తిప్పాను. కూ అని ఒక మోత, తరవాత ఏమీ లేదు. మళ్ళీ తిప్పాను. ఏడెనిమిది సార్లు తిప్పి ఉంటాను. సార్ వచ్చి రిసీవరు తీసుకుని ఆయనా ప్రయత్నించి, "లైన్లు పడిపోయినట్టున్నాయమ్మా" అన్నారు. తెలుగులోనే అన్నారు, చాలా మెల్లగా.

చెప్పులు వేసుకున్నానో లేదో కూడా తెలియదు. బస్టాండుకి ఎలా వచ్చానో తెలియదు. బస్సు ఉంది, అదొక్కటే అదృష్టం. కిటికీ పక్కన కూర్చున్నాను. కిటికీకి పట్టా దించి ఉంది. బయట ఏమీ కనిపించదు.

ఆ గంటంపావులో నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే పిచ్చిపనే. మనసులో ప్రోగ్రాం తిరగరాశాను. అడుగుల్ని వేరే తీసుకోవాలి, అంగుళాల్ని వేరే తీసుకోవాలి, అడుగుల్ని పన్నెండుతో హెచ్చవేసి అంగుళాలు కలపాలి, అప్పుడు నూట పధ్నాలుగుతో పోల్చాలి. ఇంతే. రెండు లైన్లు. అది అయిపోయాక ఆషాఢంలో కొట్టిన అంకెలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. తొమ్మిది ఆరు, సరిగ్గానే చెబుతుంది. తొమ్మిది ఏడు, సరిగ్గానే. ఎనిమిదీ తొమ్మిదీ కూడా సరే. తొమ్మిది ఐదుకి అంగుళం ముందే దాటమంటుంది, దానివల్ల ముప్పు లేదు. పదీ పదకొండూ, ఈ రెండే. అడుగుకి పన్నెండు గీతలుంటే పది గీతల దగ్గర ముప్పు తేకుండా నడుచుకుని రెండింటి దగ్గర ముంచుతుంది. నేను పరీక్షించి చూసినవాటిలో ఆ రెండూ లేవు. అంకెలు ఆపేస్తే మా నాన్న కనిపిస్తున్నాడు. అందుకని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. తల ఊపాను.

ఊళ్ళో దిగి గట్టెక్కేసరికి మూడున్నర అయింది. వాన కాస్త తెరిపిచ్చింది. గట్టు నిండా లంక నుంచి తోలుకొచ్చిన పశువులు, మేకలు, ఎరువుల బస్తాలు, కోళ్ళ గంపలు. పంటుని మూడు తాళ్ళతో రావిచెట్టుకి కట్టేశారు. పాయ లేదు. గట్టు నుంచి లంక దాకా అంతా ఒకటే ఎర్రనీరు, మధ్యలో దుంగలూ చెత్తా తిరుగుతూ పోతున్నాయి. అవతల మెరక మీద మా మకాం కప్పు కనిపించింది. మిగతా మకాముల దగ్గర అలికిడి లేదు. మా మకాం ముందు మాత్రం నల్లగా గేదెలు, వాటి మధ్య తెల్ల బనియను.

అమ్మ గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "నువ్వెందుకొచ్చావే ఈ వానలో? తీస్తోందని చెప్పావంట కదా. అందరూ దాటేసినా మీ నాన్న దాటలేదు. నాకు కాళ్ళాడలేదు గానీ, నువ్వు చెప్పావని బాబాయ్‌గారు అన్నాక ధైర్యంగా ఉంది."

అమ్మ ముఖంలో భయం లేదు. అది చూసి నాకు వచ్చిన భయం ఇంత అని చెప్పలేను. "అమ్మా, తీయట్లేదే. పెరుగుతోంది. నేను తప్పు చెప్పాను" అన్నాను. అమ్మకి అర్థం కాలేదు. గోదారి వంక చూసింది, నా వంక చూసింది. తరవాత గొడుగు వదిలేసింది.

సరంగు పంటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. "ఎలాగోలా తీసుకురండి. తప్పంతా నాది."

"పంటు తీసే పని లేదమ్మాయిగారూ. తాడు తెగిందంటే అంతర్వేది దాకా ఆగదు." ఆయన నీటి వంక చూసి, బీడీ పారేశాడు. "చిన్న నావేసుకుని నేనూ మావోడూ ఎల్తాం. మడిసిని తెత్తాం. గొడ్లు మాత్రం రావండి."

వాళ్ళిద్దరూ నావని గట్టు వెంట పైకి, చాలా దూరం లాక్కుపోయి అక్కడ నీళ్ళలోకి తోశారు. అడ్డంగా పోనివ్వదు కదా, కిందకి కొట్టుకుపోతూ దాటాలి. నావ చిన్నదైపోతూ చెట్ల వెనక్కి పోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకోవడానికి అర్హురాలిని కాననిపించి విడిపించుకోబోయాను, ఆవిడ వదల్లేదు. పక్కనున్నవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన, "మధ్యాన్నమే పిలిచామండీ. వాళ్ళమ్మాయి తీస్తోందని చెప్పిందంట. అందుకే ఉండిపోయాడు" అని చెబుతున్నాడు. ఆ అమ్మాయి పక్కనే ఉందని ఆయనకి తెలియదు.

నావ తిరిగి వచ్చేసరికి ఎంతసేపైందో. నావలో సరంగు ఉన్నాడు, వాళ్ళవాడు ఉన్నాడు, కాళ్ళు కట్టేసిన మూడు దూడలు ఉన్నాయి. మా నాన్న లేడు.

"అయ్యగారు గొడ్లనొదలనన్నారండి" అన్నాడు సరంగు, ఆయాసపడుతూ. "దూడల్ని మాకిచ్చేసి, గొడ్ల తలుగుతాళ్ళన్నీ కోసేశారు. తల్లులు దూడల ఎనకాలే వత్తాయి, తోక పట్టుకుని నేనూ వచ్చేత్తానన్నారండి. ఎంత చెప్పినా ఇనలేదు."

గేదె తోక పట్టుకుని పాయ దాటడం లంకవాళ్ళకి కొత్త కాదు. మా నాన్న కుర్రతనంలో చాలాసార్లు దాటాడట. కానీ అది మామూలు నీటిలో. ఇప్పుడాయనకి యాభై దాటాయి.

అవతలి ఒడ్డున నల్లటి గుంపు కదిలింది. నీళ్ళలోకి దిగింది. నీళ్ళు పట్టుకోగానే గుంపంతా ఒక్కసారిగా కిందకి జారింది. తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను లెక్కపెట్టాను. పదకొండు నల్ల తలలు, ఒక చిన్న తల. ఒక దుంగ అడ్డంగా వచ్చింది. మళ్ళీ లెక్కపెడితే తొమ్మిదే. చిన్న తల కనిపించలేదు.

అమ్మ అరిచింది. నేను గట్టు మీద కిందకి పరిగెత్తాను. పశువుల్నీ మనుషుల్నీ తోసుకుంటూ, నీళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండా పరిగెత్తాను. ఆ తలలు నాకంటే వేగంగా పోతున్నాయి. నాకు దేవుడు గుర్తురాలేదు. ఉండమనండి, ఉండమనండి అని నా గొంతే, ఫోన్లో చిరాగ్గా మాట్లాడిన గొంతే, చెవుల్లో వినిపిస్తోంది. ఒకచోట గట్టు వంపు తిరిగి, మధ్యలో సరుగుడు తోట అడ్డమొచ్చింది. తోట దాటేసరికి నీటి మీద ఏమీ లేదు. ఒక్క తల కూడా లేదు.

అక్కడ కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో. వెనక నుంచి జనం వచ్చి నన్ను దాటుకుని కిందకి పోతున్నారు. ఎవరో కేకేశారు. "దిగువ రేవులో ఎక్కాయండోయ్!"

మా రేవుకి రెండు మైళ్ళ కింద ఇంకో ఊరి రేవు ఉంది. నేను వెళ్ళేసరికి సంజె పడుతోంది. గేదెలు ఒగరుస్తూ బురదలో నిలబడి ఉన్నాయి. వాటి పక్కన మెట్టు మీద మా నాన్న కూర్చుని ఉన్నాడు. బనియను లేదు. ఎవరిదో తువ్వాలు భుజాల చుట్టూ ఉంది. గడ్డం వణుకుతోంది. కుడి అరచేయి ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. రెండు పాడి గేదెలు రాలేదు. అవి మళ్ళీ దొరకలేదు కూడా.

ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "కళ్ళెదురుగా నీళ్ళెక్కుతుంటే ఎందుకుండిపోయావు నాన్నా? అందరూ వెళ్ళిపోయారు కదా. సరంగు పిలిచాడు కదా."

"నువ్వు తీస్తోందన్నావుగా" అన్నాడు. "రాజమండ్రి మనకి పైన కదా. ఇక్కడ పెరుగుతున్నా పైన తీసేసి ఉంటుంది, ఆ మిషను దాన్నెక్కడో పట్టుకుని చెప్పింది అనుకున్నా. సాయంత్రానికి ఇక్కడా తీస్తుంది కదా అని."

అప్పుడు నాకు బాబాయ్‌గారి మాట అర్థమైంది. పైనున్నదానివి, నీకు తెలుస్తుంది. ఊరంతా అలాగే అనుకుంది. నేను రిపోర్టులో అన్ని బాణాలు గీశాను గానీ, ఆ మిషనుకి ఏం తెలుసో, ఏం తెలియదో మా నాన్నకి ఒక్కసారీ చెప్పలేదు.

"దానికి పైన సంగతేమీ తెలియదు నాన్నా. నువ్వు చీటీలో రాసిన అంకె తప్ప దానికింకేమీ తెలియదు. ఆ అంకెని కూడా నేను తప్పుగా చదివించాను. నీ దూలం మీదున్న నీళ్ళే నీకు తిప్పి చెప్పాను, అదీ తప్పు చెప్పాను."

ఆయన బురదలో ఉన్న గేదెల్ని చూస్తున్నాడు.

"మధ్యాహ్నం రెండింటికల్లా నాకు భయం పట్టుకుందమ్మా" అన్నాడు చివరికి. "నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నా, గోదారి నాకు తెలీదా. తలుగులు విప్పుదామని రెండుసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ, నా బిడ్డ చెప్పింది కదా, నేను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు అనుకుని మళ్ళీ కూర్చున్నా."

కంప్యూటరంటే నాకు రెండో భయం పుట్టింది అక్కడే. ఆయన నన్ను తిట్టడానికి ఆ మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రికి ఏడ్చి నిద్రపోయేదాన్ని.